మూలకొట్టు మూసిన రోజు

నూనెగుడ్డ చూపుడువేలికి చుట్టుకుని ఉరబే షిగెకి నాలుగో గ్లవ్ ముగించి ఐదోదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. మిగతా బేస్‌బాల్ ఆటగాళ్ళకు ఒక గ్లవ్ ఉంటుంది, మహా అయితే రెండు. ఉరబేకు ఐదు. రెండో బేస్ దగ్గర నిలబెడితే చిన్నది, మూడో బేస్ దగ్గరైతే దానికంటే కాస్త పెద్దది, బయటి మైదానానికి తోలితే పొడుగు వేళ్ళది, మొదటి బేస్‌కు వెడల్పాటిది. ఐదోది క్యాచర్ గ్లవ్, దిండులా బొద్దుగా ఉంటుంది. జట్టులోని క్యాచర్లందరికీ ఒకే ఆటలో దెబ్బలు తగిలితే ఉరబే వెళ్ళి బ్యాటర్ వెనక గొంతుక్కూర్చోవాలి. అలాంటి రోజు ఇంతవరకు రాలేదు. అయినా ప్రతి వసంతంలో దాన్ని గుద్ది గుద్ది మెత్తబరుస్తాడు, ప్రతి ఉదయం నూనె పట్టిస్తాడు, ఒక బంతిని దాని నోట్లో పెట్టి రబ్బరు పట్టీతో బిగించి ఉంచుతాడు. బిగించకపోతే ఆకారం పోతుంది. ఆట మొహం చూడని గ్లవ్ అయితే మాత్రం, చూడ్డానికి సిద్ధంగా ఉండొద్దూ?

అతనికి ముప్పై ఏడేళ్ళు నిండాయి. మెడ వెనక చర్మం ఎండకు కమిలి, మడతలు పడి, పాత బ్యాటు పిడిలా నల్లబడింది. కుడిచేతి ఉంగరం వేలు చివరి కణుపు దగ్గర పక్కకు వంగి ఉంటుంది. ఎప్పుడో బంతి తగిలింది, మర్నాడు ఆడమన్నారు, ఆడాడు, వేలు అలాగే అతుక్కుంది. కూర్చుని లేచేటప్పుడు మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. లేచే ముందు రెండు చేతులూ తొడల మీద ఆనించి ఒక క్షణం ఆగడం ఈ ఏడాదే మొదలైంది. అది ఎవరూ చూడలేదని అతని నమ్మకం. అందరూ చూశారు.

"అన్నా, మూలకొట్టు తెరిచారా?"

తలుపులోంచి తల పెట్టింది తొకుదా. మూడేళ్ళ కిందట జట్టులో చేరిన కుర్ర ఆటగాడు, ఉరబేను మూలకొట్టు అని పిలవడంలో అందరికంటే ముందుంటాడు. వీధి చివర రాత్రీ పగలూ తెరిచి ఉండే చిల్లర కొట్టు ఉంటుందే, అదన్నమాట. పనిగట్టుకుని ప్రేమగా ఎవరూ వెళ్ళరు, కానీ ఏదైనా తక్కువ పడితే వెళ్ళక తప్పదు. ఉరబే పెట్టెలో వేళ్ళకు చుట్టే టేపు, సూది దారం, గోళ్ళ కత్తెర, కడుపునొప్పి మాత్రలు అన్నీ ఉంటాయి.

"తెరిచే ఉంది. ఏం కావాలి?"

"టేపు. నాది అయిపోయింది."

"నీది ఎప్పుడు అయిపోలేదురా?" అని ఉరబే టేపు చుట్ట విసిరాడు. తొకుదా కావలసినంత చింపుకుని, చుట్ట తిరిగి విసిరి వెళ్ళిపోయాడు. ఇవాళ అందరికీ తొందరగానే ఉంది. ఈ సీజన్‌కు ఆఖరి ఆట. అంతకంటే ముఖ్యంగా, మినాసే ఆఖరి ఆట. నది ఒడ్డున ఉన్న మా మైదానానికి వచ్చే దారంతా పొద్దుటి నుంచే మినాసే పేరున్న తువ్వాళ్ళు మెడలో వేసుకున్న జనం. జట్టు గెలుపోటముల సంగతి ఎవరికీ పట్టలేదు. మా నీటికాకుల జట్టు ఎప్పటిలాగే పట్టిక అడుగున ఉంది. అడుగున ఉన్నవాళ్ళకు కూడా ఒక పండగ కావాలి కదా, అది మినాసే.

మంచినీళ్ళు తెచ్చుకుందామని ఉరబే నడవాలోకి వెళ్ళాడు. పానీయాల యంత్రం పక్కన ఆఫీసు మనిషి నిత్తా నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు, చేతిలో తెరవని టీ డబ్బా. ఉరబేను చూసి రోజూ కంటే కాస్త లోతుగా వంగి నమస్కరించాడు. ఆ నడుము వంగిన లెక్కలోనే ఉరబేకు సగం తెలిసిపోయింది.

"ఉరబే గారూ, రేపు ఉదయం ఒకసారి ఆఫీసుకు రాగలరా?"

"వస్తానండీ."

"కాస్త... సూటు వేసుకుని రండి."

"అలాగేనండీ."

నిత్తా టీ డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఇవాళ చెప్పకూడదనే అనుకున్నాను. మినాసే గారి రోజు కదా. కానీ రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్తే ఇంకా అన్యాయంగా ఉంటుందనిపించింది. క్షమించండి."

"మీ పని మీది. టీ చల్లారిపోతోంది, తాగండి," అన్నాడు ఉరబే. ఆ డబ్బా మొదట్నుంచీ చల్లటిదే. ఇద్దరూ దాన్ని ఒకసారి చూసుకున్నారు.

సూటు వేసుకుని రమ్మంటే అర్థం ఏమిటో బేస్‌బాల్ ఆడేవాడికి విడమర్చి చెప్పక్కర్లేదు. ఒప్పందం పొడిగించే రోజున కూడా సూటే, కానీ ఆ పిలుపు చలికాలంలో వస్తుంది. ఆకులు రంగు తిరగకముందే సూటు వేసుకోమన్నారంటే, ఒంటి మీద జట్టు చొక్కా ఇక వద్దన్నట్టే. ఏటా అక్టోబరు మొదట్లో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఉరబేకు అరచేతులు చెమర్చేవి. ఇప్పుడు చెమర్చలేదు. పెద్ద మూట దింపినప్పటి అలసటలాంటిదేదో భుజాల్లోంచి కిందికి జారింది.

మైదానం వెనక, నది కనబడే మెట్ల దగ్గరికి వెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు.

"హొనోకాను తీసుకుని వస్తున్నావుగా?"

"వస్తున్నాం. అన్నం ముద్దలు చుడుతున్నా," అంది సనాయె. వెనక కుళాయి నీళ్ళ చప్పుడు. "మీకు రేగుపండు పచ్చడి పెట్టినవి రెండు తేనా?"

"వద్దులే. సనాయె... ఆ ముదురు నీలం సూటు బయటికి తీసి కాస్త గాలికి వెయ్యి."

కుళాయి ఆగింది. ఆమె బేస్‌బాల్ ఆటగాడి భార్య అయి చాలా కాలమైంది.

"ఎప్పటికి?"

"రేపటికి."

కుళాయి మళ్ళీ తిప్పిన చప్పుడు. ఆ తరువాత, "తెల్ల చొక్కా ఇస్త్రీ చేసే ఉంది. టై నేను చూస్తాలెండి," అంది. గొంతు మామూలుగానే ఉంది, మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడిందో ఉరబేకు ఇక్కడిదాకా తెలిసింది. ఇంతలో కూతురు ఫోన్ లాక్కుంది.

"నాన్నా, ఇవాళ నువ్వెక్కడ నిలబడతావు?"

ఆ పిల్లకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఇదే ప్రశ్న. ఆటలు సాయంత్రం మొదలవుతాయి. ఉరబేను దింపేది చివరి ఇన్నింగ్స్‌లలో. అప్పటికి హొనోకా తల్లి ఒళ్ళో నిద్రపోయి ఉంటుంది. నాన్న ఆడతాడని వినడమే తప్ప ఆడగా ఇంతవరకు చూడలేదు. ఇవాళ ఆదివారం, మధ్యాహ్నం ఆట.

"ఇంకా తెలీదమ్మా. ముందే చెప్పరు."

"మినాసే బాబాయి వాళ్ళబ్బాయికి మాత్రం ఎప్పుడూ తెలుసు. మూడో బేస్ అని."

"బాబాయిది సొంతిల్లు. నాన్నది అద్దెకొంప."

"అంటే?"

"అంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. కళ్ళు బాగా తెరుచుకుని చూస్తూ ఉండు. కనబడతాను."

మాటిచ్చేశాడు. ఫోన్ పెట్టేశాక ఆ మాట ఎంత బరువో తెలిసింది. ఇక అతనికి మిగిలిన కోరిక అదొక్కటే. ఈ మధ్యాహ్నం ఒక్కసారి ఆ తెల్లగీత దాటి మైదానంలో అడుగు పెట్టాలి, కూతురు మెలకువగా ఉండగా. ఎక్కడ నిలబెట్టినా సరే.

మినాసే కోహెయ్, ఉరబే ఒకే ఏడాది జట్టులో చేరారు. ఆ ఏడు జట్టు అందరికంటే ముందు ఎంచుకున్నది మినాసేను, అందరికంటే చివర ఎంచుకున్నది ఉరబేను. చేరిన రోజు తీసిన ఫొటోలో మినాసే ముందు వరుస నడిమధ్యన ఉంటాడు. వెనక వరుస చివర ఉరబే ఎడమ చెవి చట్రంలోకి రాలేదు. బడిలో ఇద్దరూ ఆడింది ఒకే చోట, రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య. ఒక చోట ఇద్దరు ఆడలేరు కాబట్టి మొదటి శిక్షణలోనే కోచ్ ఉరబేను పిలిచి, "రెండో బేస్‌కు వెళ్తావా?" అన్నాడు. "వెళ్తాను," అన్నాడు ఉరబే. పెంకుల బట్టీలో పని చేసే వాళ్ళ నాన్న రైలెక్కిస్తూ చెప్పింది కూడా అదే, అడిగిన పని కాదనొద్దురా అని. తరువాతి ఏడు మినాసే మూడో బేస్‌కు మారి అక్కడ పాతుకుపోయాడు. ఉరబే మాత్రం ఆగలేదు. మొదటి బేస్‌కు వెళ్తావా, వెళ్తాను. ఎడమ మూలకు వెళ్తావా, వెళ్తాను. రెండో జట్టుకు వెళ్తావా, వెళ్తాను. అతని ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. అతనికంటే బాగా కొట్టేవాళ్ళు, బాగా పరుగెత్తేవాళ్ళు ఎందరో వచ్చి, ఒక్క చోటే ఆడతామని భీష్మించుకుని, ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఒక్కసారి మినాసే మణికట్టు విరిగింది. ఆ వేసవిలో ఉరబే రోజూ మూడో బేస్ దగ్గరే ఆడాడు. రోజూ ఒకే గ్లవ్. పొద్దున లేచేసరికి ఎక్కడికి వెళ్ళాలో తెలిసి ఉండటం ఎంత హాయో అప్పుడే తెలిసింది. బంతి కూడా పెద్దదిగా కనబడేది, కొట్టిందల్లా తగిలేది. మినాసే కట్టు విప్పుకుని వచ్చిన రోజున ఉరబే తన గ్లవ్ తీసుకుని బెంచి మీదికి వెళ్ళిపోయాడు. తన జీవితంలో అతి మంచి నెల ఇంకొకడి చెయ్యి విరిగిన నెల. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మాట కూడా కాదు.

అలాగని మినాసే చెడ్డవాడు కాదు, అదే చిక్కు. ఆ నెలలోనే ఒక ఆటను ఉరబే చివరి బంతికి గెలిపించాడు. గెలిపించినవాణ్ణి ఎత్తుపీట ఎక్కించి మైకు ఇచ్చి మాట్లాడించడం ఆనవాయితీ. చేతికి కట్టుతో ఊరికే చూడ్డానికి వచ్చిన మినాసేను చూసి జనం కేకలు పెట్టారు, టీవీవాళ్ళు అతన్నే పీట ఎక్కించారు. "నన్ను కాదయ్యా, వీణ్ణి పిలవండి," అని మినాసే ఉరబే చెయ్యి పట్టి లాగాడు. ఉరబే పీట మీద ఒక కాలు పెట్టాడు. అంతలో టీవీ సమయం అయిపోయింది.

మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. ఆట మొదలైంది. మినాసే మొదటిసారి కొట్టిన బంతి మెల్లగా దొర్లి చేతికి చిక్కింది, రెండోసారి కొట్టింది గాలిలోకి లేచి చిక్కింది, మూడోసారి ఎలాగో రెండు బేసుల మధ్యలోంచి దూరిపోయింది. జనం ఏడ్చేశారు. నలభై ఏళ్ళ మగాళ్ళు తువ్వాళ్ళలో మొహాలు దాచుకున్నారు.

ఆరో ఇన్నింగ్స్ అవుతుండగా పెద్ద కోచ్ ఒగిషిమా బెంచి వెంట నడుచుకుంటూ వచ్చి ఉరబే ముందు ఆగాడు. కోచ్ లావుపాటి మనిషి. ఎప్పుడూ ఏదో ఒక ఎండుచేప ముక్క నములుతూ ఉంటాడు.

"ఉరబే, ఏడోదాంట్లో మినాసేను తీసేస్తాను. మూడో బేస్‌కు వెళ్తావా?"

"వెళ్తాను."

మా దగ్గర వీడ్కోలు ఆటకు ఒక పద్ధతి ఉంది. వెళ్ళిపోయేవాణ్ణి బెంచి మీద నుంచే ఆపెయ్యరు. మామూలుగా మైదానంలోకి పంపి, తన చోట నిలబడనిచ్చి, అప్పుడు కోచ్ బయటికి వచ్చి మార్పు అడుగుతాడు. అతను ఒక్కడే, అందరూ చూస్తుండగా, ఆ దూరమంతా నడిచి వస్తాడు. బదులు వెళ్ళేవాడు పక్క నుంచి వంగి పరుగెత్తుతాడు. ఆ వంగి పరుగెత్తేవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఉరబేకు ఆ పని వెన్నతో పెట్టిన విద్య.

వెనక నడవాలో అటూ ఇటూ పరుగెత్తి కాళ్ళు వేడెక్కించుకుని, బెంచి ముందున్న మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. పక్కనుంచి తొకుదా కిసుక్కున నవ్వాడు.

"అన్నా, చేతికేం తొడుక్కున్నావు?"

చూసుకుంటే మొదటి బేస్ గ్లవ్. ఇన్నేళ్ళలో ఎన్నడూ జరగని తప్పు. చీకట్లో చెయ్యి పెట్టినా ఏ గ్లవ్ ఏదో వాసనతో చెప్పగలిగినవాడు. చెవులు ఎర్రబడ్డాయి. గబగబా వెళ్ళి మార్చుకుని వచ్చాడు.

ఒగిషిమా మైదానంలోకి నాలుగడుగులు వేశాడు. మూడో బేస్ దగ్గర మినాసే కోచ్‌ను చూసి, ఒక వేలు పైకెత్తాడు. ఇంకొక్క ఇన్నింగ్స్. చంటిపిల్లాడు మిఠాయి అడిగినట్టు అడిగాడు. మైదానం దద్దరిల్లింది. ఒగిషిమా నవ్వి, టోపీ సర్దుకుని వెనక్కి తిరిగాడు. ఉరబే మెట్లు దిగి కూర్చున్నాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ అదే. ఉరబే లేచాడు, మెట్లెక్కాడు, గ్లవ్ తొడుక్కున్నాడు. ఈసారి సరైనదే. మినాసే మళ్ళీ వేలెత్తాడు. మళ్ళీ హోరు. ఉరబే మళ్ళీ కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ తమ అభిప్రాయం తాము చెప్పాయి.

కూర్చున్నచోటి నుంచి పై వరుసల్లో సనాయె కనబడుతోంది. హొనోకాను కుర్చీ మీద నిలబెట్టి నడుం పట్టుకుంది. ఆ పిల్ల రెండు పిడికిళ్ళూ గొట్టాల్లా కళ్ళకు పెట్టుకుని మైదానమంతా వెతుకుతోంది. ఎడమ మూల, కుడి మూల, మొదటి బేస్. మళ్ళీ ఎడమ మూల.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. మనవాళ్ళు మూడు పరుగుల ఆధిక్యంలో ఉన్నారు. అవతలివాళ్ళవి మూడు అవుట్లలో రెండు అయ్యాయి. మిగిలింది ఒక్క అవుట్. ఒగిషిమా నమలడం ఆపి ఉరబే పక్కకు వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"ఇప్పుడు వాడు వేలెత్తినా, కాలెత్తినా వినను. చివరి అవుట్‌కు నువ్వుండాలి. వెళ్తావా?"

ఉరబే లేచాడు. అలవాటుగా నోరు తెరిచాడు కూడా.

మూడో బేస్ దగ్గర మినాసే వంగి బూటు కొనతో మట్టి చదును చేస్తున్నాడు. మొదటి శిక్షణ నుంచీ అదే అలవాటు, కుడి నుంచి ఎడమకు, ఇంటి ముందు వాకిలి ఊడ్చుకుంటున్నట్టు. టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. నుదుటి మీద వెంట్రుకలు పల్చబడ్డాయి. పెదవులు కదులుతున్నాయి. తనలో తాను ఏదో చెప్పుకుంటున్నాడు, బహుశా ఆ మట్టికే చెబుతున్నాడు.

ఇప్పుడు తను వెళ్తే ఈ జనం కళ్ళన్నీ మినాసే వెంట వెళ్ళిపోతాయి. అందరూ ఇంకొకడి కోసం ఏడుస్తుండగా, ఇంకొకడు ఊడ్చుకున్న వాకిట్లో, నాన్న నిలబడి ఉండగా హొనోకా చూస్తుంది. తన ఆఖరి రోజు కూడా ఇంకొకడు ఖాళీ చేసిన చోటేనా? ఉరబే తెరిచిన నోరు మూసుకున్నాడు. అది జాలి అని చెబితే సగమే నిజం. మిగతా సగం పంతం. ఇన్నేళ్ళు ఎక్కడో దాచిపెట్టి తనే మరిచిపోయిన పంతం.

"కోచ్ గారూ, పిక్క పట్టేసిందండీ. వెళ్ళలేను."

ఒగిషిమా అతని మొహంలోకి చూశాడు. "ఏ కాలు?"

ఉరబే అంత దూరం ఆలోచించలేదు. "ఎడమదండీ."

"నీ చెయ్యి కుడికాలి మీదుందయ్యా."

ఉరబే చెయ్యి తీసేశాడు. ఎడమకాలి మీద మాత్రం పెట్టలేదు.

"ఇన్నేళ్ళలో మూలకొట్టు మూసి ఉండగా నేను చూళ్ళేదు," అన్నాడు ఒగిషిమా మెల్లగా. "నిత్తా పొద్దున చెప్పాడు కదా నీకు?"

"చెప్పారండీ."

"మరి తెలిసి కూడా? అందుకేనయ్యా నిన్ను వెళ్ళమంటున్నా."

"నా సంగతి వాడికి తెలీదండీ. తెలియనివ్వకండి. వాణ్ణి ఆడనివ్వండి."

ఒగిషిమా టోపీ తీసి, బోడిగుండు తుడుచుకుని, బరువుగా ఉరబే పక్కన కూలబడ్డాడు. మైదానంలోకి వెళ్ళలేదు. ఇటు చూసిన మినాసేకు మాత్రం, ఉరబే వైపు వేలు చూపి తన పిక్క తట్టి చూపించాడు.

తరువాతి బంతిని బ్యాటర్ కింద నుంచి తాకించాడు. అది నిట్టనిలువుగా లేచి, గాలికి వాలుతూ, మూడో బేస్ గీత దాటి మా బెంచి వైపే వచ్చింది. మినాసే తల పైకెత్తి పరుగెత్తుకొస్తున్నాడు, కాళ్ళ కింద ఏముందో చూసే స్థితిలో లేడు. బంతి కోసం బెంచి దాకా వచ్చేవాడు మెట్లలోకి బోర్లా పడకుండా లోపలున్నవాళ్ళు పట్టుకోవాలి. అది అందరూ చేసేదే. అందరికంటే ముందు లేచింది ఉరబే. పిక్క పట్టేసిన మనిషి మెట్లన్నీ ఒక్క ఉదుటున ఎక్కేశాడు. మినాసే గ్లవ్ చాచాడు, అడుగు తప్పింది, నిలువునా ముందుకు తూలాడు. ఉరబే రెండు చేతులూ అతని నడుం చుట్టూ వేసి, భుజం ఛాతీకి ఆనించి, బరువంతా కాళ్ళ మీదికి తీసుకున్నాడు. మినాసే లావయ్యాడు. పైన ఎక్కడో బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు వినబడింది.

గీత అవతల పట్టినా అవుటే. అంతే, ఆట అయిపోయింది.

మినాసే బంతి చూసుకుని, తనను పట్టుకున్నదెవరో చూసుకుని, ఏడుస్తూ నవ్వాడు. "ఏరా, కాలు పట్టేసిందని కోచ్ సైగ చేశారే?"

"సర్దుకుంది."

"ముసలాడివైపోతున్నావురా. వచ్చే ఏడు ఆ మూడో బేస్ నీదే. జాగ్రత్తగా చూసుకో, ఏం?"

"చూస్తాలే. ముందు ఆ ముక్కు తుడుచుకో, టీవీలో వస్తావు."

ఆ తరువాత పూలగుత్తులు, ఉపన్యాసం, అవతలి జట్టువాళ్ళ కౌగిలింతలు. మినాసే తల్లిదండ్రులకు, కోచ్‌లకు, అభిమానులకు, భార్యాబిడ్డలకు, తోటివాళ్ళకు వరసగా వంగి దండం పెట్టాడు. అందరూ అతన్ని ఎత్తి గాల్లోకి ఎగరేశారు. ఎగరేసేటప్పుడు నడుం కింద ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి. అక్కడ ఖాళీ ఉంది. ఉరబే అక్కడికి వెళ్ళాడు.

వల దగ్గరికి పిల్లలు ఎగబడ్డారు. సనాయె హొనోకాను ఎత్తుకుని ముందుకు వచ్చింది. పిల్ల వల కన్నాల్లోంచి వేళ్ళు బయటపెట్టింది.

"నాన్నా! నిన్ను చూశా!"

"ఎక్కడ చూశావు?"

"మెట్ల మీద. బాబాయి పడిపోతుంటే పట్టుకున్నావు కదా. అమ్మ కూడా చూసింది. నేనే ముందు చూశా."

"అవును. పట్టుకున్నా."

"మెట్లు కూడా ఆటలో ఒక చోటేనా?"

ఉరబే ఆ చిన్న వేళ్ళను వంకర వేలితో పట్టుకుని కాస్త ఆలోచించాడు. కళ్ళు మండుతున్నాయి, ఎండ కూడా లేదు. "ఒక చోటే. అక్కడ కూడా ఒకడుండాలి."

"అయితే రేపట్నుంచి వాళ్ళందరికీ చెప్తా. మా నాన్న మెట్ల దగ్గర అని."

సనాయె భర్త కాలి వైపు చూసింది, మొహం వైపు చూసింది. కాలి గురించి ఏమీ అడగలేదు. "సూటు గాలికి వేశాను. కలరా ఉండల వాసన ఇంకా పోలేదు," అంది.

"రేపటికి పోతుందిలే. మీరు గేటు దగ్గరుండండి. వచ్చేస్తా."

అందరూ మైదానంలో ఫొటోలు దిగుతున్నారు. బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. ఉరబే తన అరలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే సంచిలో పెట్టాడు. చెప్పులు, సబ్బు, హొనోకా బొమ్మ వేసి ఇచ్చిన కాగితం. ఆటలోని తొమ్మిది చోట్లా తొమ్మిది మంది మనుషులు, తొమ్మిది మందికీ ఒకే మొహం, అన్నీ నాన్నే. అర పైనున్న పేరు చీటీని గోటితో లేపి తీశాడు. తొకుదా పరుగున వచ్చాడు.

"అన్నా, టేపుందా? ఇది ఊడిపోతోంది."

ఉరబే చుట్ట మొత్తం ఇచ్చేశాడు. "ఉంచుకో."

"రేపిచ్చేస్తా అన్నా!"

"సరే."

తొకుదా వెళ్ళిపోయాడు. నాలుగు గ్లవ్‌లు సంచిలోకి వెళ్ళాయి. ఐదోదాన్ని కూడా పెట్టబోయి ఆగాడు. వచ్చే నెల కుర్రాళ్ళను కొండల్లోకి శిక్షణకు తీసుకెళ్తారు. అక్కడ పిచ్చి బంతులు విసిరేవాళ్ళే అందరూ, క్యాచర్ల వేళ్ళు నిలవవు. ఎప్పుడు ఎవరు వెళ్ళి వెనక కూర్చోవలసి వస్తుందో. అప్పుడు కొత్త గ్లవ్ అయితే చెయ్యి పగిలిపోతుంది. దాన్ని తిరిగి అరలో పెట్టి, రబ్బరు పట్టీ ఒకసారి లాగి సరిచూశాడు. ఆ తరువాత తొడల మీద చేతులు ఆనించి లేచి, తలుపు దగ్గర మైదానం వైపు తిరిగి వంగి నమస్కరించి, సంచి భుజాన వేసుకుని, గేటు వైపు వెళ్ళిపోయాడు.

బయట మినాసే పేరు ఇంకా వినబడుతోంది. పేరు చీటీ లేని అరలో క్యాచర్ గ్లవ్ ఒక్కటే ఉంది, నోట్లో బంతితో, చుట్టూ బిగించిన రబ్బరు పట్టీతో, పొద్దున పెట్టిన నూనె ఇంకా ఆరకుండా.